నిన్న సచ్చినోడు ఈ పొద్దు ఎట్లొచ్చినాడు? 'ఫ్రింజ్' రెండో లోకంలో అసలు తప్పు ఎక్కడుంది

ఈ వారం నా నుంచి ఫోన్ రివ్యూ లేదు. బ్యాటరీ టెస్ట్ లేదు, కెమెరా శాంపిల్స్ లేవు. చాలా రోజులుగా రాయాలనుకుంటున్న ఒక సిరీస్ గురించి రాస్తున్నాను. పేరు 'ఫ్రింజ్'. 2008 సెప్టెంబర్‌లో మొదలై 2013 జనవరిలో అయిపోయింది. ఐదు సీజన్లు, సరిగ్గా 100 ఎపిసోడ్లు. మీరు ఇంకా చూడకపోతే ఇక్కడే ఆగిపోండి, చూశాక తిరిగి రండి. కింద ఉన్నవన్నీ స్పాయిలర్లే, చివరి ఎపిసోడ్‌తో సహా.

ఆల్టర్నేట్ యూనివర్స్ ఉన్న ఏ సిరీస్ గురించి నలుగురం కూర్చుని మాట్లాడుకున్నా చర్చ కంటిన్యుటీ దగ్గరికే వస్తుంది. "ఆ సీన్‌లో అలా ఉంది కదా, ఈ సీన్‌లో ఇలా ఎలా?" అని మొదలవుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. మనం పట్టుకుని గొప్పగా చెప్పుకునే తప్పుల్లో సగం అసలు తప్పులే కావు. నిజంగా కథను దెబ్బతీసే తప్పు ఒకటుంది, దాన్ని మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం. ఈ తేడా నాకు నేర్పింది ఏ యూట్యూబ్ ఛానలో అనుకునేరు. మా అవ్వ.

మా ఇంటి కంటిన్యుటీ చెకర్

మాది ప్యాపిలి. బెంగళూరు నుంచి హైదరాబాద్ పోయే హైవే మీద గుత్తి దాటాక, డోన్ రాకముందు వస్తుంది. బీటెక్ అయ్యాక నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడ్డాను. పండక్కి ఇంటికి పోతే సాయంత్రం పూట రిమోట్ అవ్వ చేతిలో ఉంటుంది. ఇంకెవరికీ రాదు.

అవ్వ సీరియల్ చూసే పద్ధతి మనలాంటి వాళ్లకు వింతగా ఉంటుంది. కథ మధ్యలో ఒక నటి మానేసి ఆ పాత్రలోకి కొత్తామె వచ్చిందనుకోండి, మనమైతే నెల రోజులు మీమ్స్ వేస్తాం. అవ్వ మాత్రం "ఈ పిల్ల గూడా బాగనే చేస్తాంది" అంటుంది, అంతే. నిన్న రాత్రి సీన్‌లో ఉన్న సోఫా ఈ రోజు లేకపోయినా ఆమెకు పట్టదు. కానీ ఒకసారి, చనిపోయాడని వారాల తరబడి ఏడిపించిన ఒక పాత్ర నవ్వుకుంటూ గేటు తీసుకుని ఇంట్లోకి వచ్చాడు. అవ్వ టీవీ వదిలేసి నా వైపు తిరిగింది.

"ఏంరా నాయనా, సచ్చినోడు మళ్లా ఎట్లొచ్చినాడు? మరి ఆ యమ్మ అన్ని దినాలు ఏడ్సిందంతా ఉత్తదేనా?"

ఆ రెండో ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఈ ఆర్టికల్ మొత్తం దాని మీదే నడుస్తుంది.

ఒక్క నిమిషంలో కథ

'ఫ్రింజ్'లో ముగ్గురు ముఖ్యం. వాల్టర్ బిషప్ అనే శాస్త్రవేత్త, అతని కొడుకు పీటర్, ఎఫ్‌బీఐ ఏజెంట్ ఒలివియా డనమ్. 1985లో వాల్టర్ కొడుకు పీటర్ చిన్నతనంలోనే జబ్బు చేసి చనిపోతాడు. వాల్టర్ దగ్గర పక్క లోకాన్ని చూపించే కిటికీలాంటి పరికరం ఒకటి ఉంటుంది. అందులోంచి చూస్తే అక్కడ ఇంకో వాల్టర్, ఇంకో పీటర్. ఆ పీటర్‌కూ అదే జబ్బు. ఆ వాల్టర్ మందు కోసం ల్యాబ్‌లో కష్టపడుతుంటాడు. సరిగ్గా మందు కుదిరిన క్షణంలో 'అబ్జర్వర్' అనే బట్టతల మనిషి ఒకడు గదిలోకి వస్తాడు, ఆ వాల్టర్ చూపు అటు తిరుగుతుంది. మందు పనిచేసిందన్న సంగతి అతనికి తెలియదు. కిటికీలోంచి చూస్తున్న మన వాల్టర్‌కు తెలుస్తుంది.

మందు తీసుకుని వాల్టర్ గడ్డకట్టిన రైడెన్ సరస్సు దగ్గర రెండు లోకాల మధ్య దారి తెరుస్తాడు. అక్కడే మందు ఇచ్చి వచ్చేద్దామని అతని ఉద్దేశం. దారిలో సీసా పగిలిపోతుంది. వేరే దారి లేక బాబును ఇటు తెచ్చి బతికిస్తాడు. తిరిగి అప్పగిద్దామనుకుంటాడు గానీ, చనిపోయిన కొడుకు మళ్లీ కళ్ల ముందు కనిపించిన తల్లి ముఖం చూశాక వల్ల కాదు. బాబు ఇక్కడే ఉండిపోతాడు. ఆ తెరిచిన దారి వల్ల రెండు లోకాల మధ్య గోడ పగుళ్లు ఇస్తుంది. అటువైపు లోకం మెల్లగా కూలిపోవడం మొదలవుతుంది. పగులు వచ్చిన ప్రతిచోటా అంబర్ అనే పదార్థంతో, లోపల ఉన్న మనుషులతో సహా మూసేయాల్సి వస్తుంది.

నా దృష్టిలో సైన్స్ ఫిక్షన్ టీవీలో ఇంతకంటే మంచి పునాది తక్కువ. లోకాలు రెండు ఎందుకు దెబ్బతిన్నాయి అంటే సమాధానం ఒక్క లైన్: ఒక తండ్రి కొడుకు చావును ఒప్పుకోలేకపోయాడు.

ప్యాపిలి కూడా రెండు లోకాల్లో ఉంది

ఇక్కడ కొంచెం సొంత గొడవ. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజు వరకు మా మండలం కర్నూలు జిల్లా, ఆ రోజు నుంచి నంద్యాల జిల్లా. నా పాత గుర్తింపు కార్డు మీద కర్నూలు అని ఉంటుంది, తర్వాత తీసుకున్న కాగితాల మీద నంద్యాల అని ఉంటుంది. ఆ మధ్య ఒక యాప్‌లో వివరాలు నింపుతుంటే కర్నూలు ఎంచుకుంటే మండలాల లిస్టులో ప్యాపిలి లేదు. నంద్యాల ఎంచుకుంటే ప్యాపిలి వచ్చింది, కానీ కార్డుతో మ్యాచ్ కావట్లేదని రిజెక్ట్ చేసింది. మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను.

ఇంట్లో చెబితే నాన్న నవ్వాడు. నేను మాత్రం కోడ్ రాసేవాడిని కాబట్టి ఆలోచనలో పడ్డాను. రెండు కాగితాలూ నిజమే కదా. ఆ తేదీకి ముందు కర్నూలు నిజం, తర్వాత నంద్యాల నిజం. తప్పు కాగితాల్లో లేదు. విడిపోయిన తేదీని ఆ సిస్టమ్ గుర్తుపెట్టుకోలేదు, అక్కడ వచ్చింది తేడా.

గిట్ వాడేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక బ్రాంచ్ తీశామంటే తీసిన పాయింట్ వరకు రెండింటి చరిత్రా ఒక్కటే. అక్కడి నుంచి ఎవరి దారి వాళ్లది. ఆల్టర్నేట్ యూనివర్స్ కూడా అంతే. రెండు లోకాల్లో తేడాలు ఉండటం బగ్ కాదు, దాని కోసమే కదా చూసేది. ఒక తేడా వచ్చాక దాని ప్రభావం తర్వాతి సీన్లలో కనిపించకపోతే అది బగ్. ఒకసారి చెల్లించిన మూల్యాన్ని తర్వాత చెల్లించనట్టు నటిస్తే అది ఇంకా పెద్ద బగ్.

రెండో లోకాన్ని ఎంత శ్రద్ధగా కట్టారంటే

తిట్టే ముందు మెచ్చుకోవాలి. 'ఫ్రింజ్' మొదటి సీజన్ చివరి షాట్ చూసినవాళ్లు మర్చిపోలేరు. ఒలివియా ఒక ఆఫీసులో నిలబడి ఉంటుంది. కెమెరా వెనక్కి వెనక్కి వెళ్తే ఆ ఆఫీసు ఉన్నది న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో. అటువైపు ఆ టవర్లు కూలలేదు. దెబ్బ తగిలింది వైట్‌హౌస్‌కు. డైలాగ్ ఒక్కటి లేకుండా 'నువ్వు వేరే లోకంలో ఉన్నావు' అని చెప్పేశారు.

గాడ్జెట్ ప్రియులకు రెండో సీజన్‌లోని 'పీటర్' ఎపిసోడ్ పండగ. 1985లో జరిగే కథ అది. వాల్టర్ సైన్యాధికారులకు చేతిలో పట్టే చిన్న సెల్‌ఫోన్ చూపిస్తాడు. అటువైపు లోకంలో ఉన్నదాన్ని చూసి తయారు చేసిందన్నమాట. మన దగ్గర అప్పటికి ఫోన్ అంటే ఇటుకరాయి సైజు. అదే ఎపిసోడ్‌లో అటువైపు సినిమా హాలు బోర్డు మీద 'బ్యాక్ టు ది ఫ్యూచర్' హీరోగా ఎరిక్ స్టోల్ట్జ్ పేరు ఉంటుంది. మన లోకంలో కూడా ఆ సినిమాకు మొదట తీసుకున్నది అతన్నే. కొన్ని వారాల షూటింగ్ అయ్యాక మార్చి మైకేల్ జె. ఫాక్స్‌ను పెట్టారు. అంటే నిజంగా జరగబోయి ఆగిపోయిన ఒక విషయాన్ని తీసుకొచ్చి అటువైపు లోకంలో జరిగినట్టు పెట్టారు. ఇది పరిశోధన చేసి పెట్టిన తేడా, నోటికొచ్చినట్టు పెట్టింది కాదు.

అటువైపు జనం 'షో మీ' అనే గుర్తింపు కార్డు లేకుండా అడుగు బయటపెట్టలేరు. ఆధార్ జేబులో పెట్టుకుని తిరిగే మనకు అది పెద్ద సైన్స్ ఫిక్షన్‌లా అనిపించదు, అది వేరే సంగతి.

నాకు అన్నిటికంటే నచ్చింది మూడో సీజన్‌లోని 'ది ప్లేటో' ఎపిసోడ్. అప్పటికి మన ఒలివియా అటువైపు చిక్కుకుపోయి ఉంటుంది. తాను అక్కడి ఒలివియానే అని నమ్మేలా ఆమె జ్ఞాపకాలు మార్చేస్తారు. ఒక హంతకుడు ఉంటాడు, జరగబోయేదంతా ముందే లెక్కకట్టగలడు. ఒలివియా తనను వెంటాడుతూ వస్తే గాలి బాగాలేని చోట రూల్ ప్రకారం ఆక్సిజన్ కోసం ఆగుతుందని, ఆగిన చోట రాళ్లు మీద పడేలా ప్లాన్ చేస్తాడు. ఆమె ఆగదు. ఎందుకంటే ఆ రూల్ ఆమెకు తెలియదు, ఆమె పుట్టింది ఆ లోకంలో కాదు. అలా బతికిపోతుంది. ఒక లోకం నియమాన్ని అలంకారంగా వదిలేయకుండా కథకు ఇరుసుగా మార్చడం అంటే ఇదీ. ఇంత బాగా రాసేవాళ్ల దగ్గర తప్పు జరిగితే అడిగే హక్కు మనకు ఉంటుంది.

నేను క్షమించే తప్పులు

మొదటిది బాగా ఫేమస్. ఒలివియా స్నేహితుడు, తోటి ఏజెంట్ చార్లీ ఫ్రాన్సిస్ రెండో సీజన్ మొదట్లోనే చనిపోతాడు. 2010 జనవరి 11న 'అనర్త్‌డ్' అనే ఎపిసోడ్ వచ్చింది. అందులో చార్లీ హాయిగా తిరుగుతుంటాడు, ఎవరూ ఆశ్చర్యపోరు కూడా. జరిగిందేంటంటే అది మొదటి సీజన్ కోసం తీసి ప్రసారం చేయకుండా పక్కన పెట్టిన ఎపిసోడ్. రెండో సీజన్ మధ్యలో వేసేశారు. గిట్ భాషలో చెప్పాలంటే, ఎప్పుడో వదిలేసిన పాత బ్రాంచ్‌ను ఎవరూ రివ్యూ చేయకుండా ప్రొడక్షన్‌లోకి మెర్జ్ చేశారు.

'అది వేరే లోకంలో జరిగిందేమో' అని సర్దిచెప్పే అభిమానులు ఉన్నారు. నాకు ఆ సర్దుబాటు అక్కర్లేదు. ఇది రచయితల తప్పు కాదు, షెడ్యూల్ తప్పు. తర్వాతి ఎపిసోడ్‌లో చార్లీ చనిపోయినట్టే ఉంటుంది. ఒలివియా బాధ కూడా అలాగే ఉంటుంది. మా అవ్వ భాషలో, ఆమె ఏడ్చింది ఉత్తది కాలేదు. సోఫా మారినట్టే ఇది కూడా.

రెండోది నీనా షార్ప్ చెయ్యి. మొదట్లో ఆమె తన కృత్రిమ చేతిని చూపిస్తూ క్యాన్సర్ సంగతి చెబుతుంది. 'పీటర్' ఎపిసోడ్‌కు వచ్చేసరికి, వాల్టర్‌ను ఆపబోయి ఆమె చెయ్యి ఆ రెండు లోకాల దారిలో ఇరుక్కుందని చూస్తాం. దీన్ని తప్పుల లిస్టులో వేసేవాళ్లు చాలామంది. నేను వెయ్యను. ఒక పాత్ర నోటితో చెప్పింది వేరు, మనం కళ్లతో చూసింది వేరు. నీనా అంతటి రహస్యాన్ని మొదటి పరిచయంలోనే నిజం చెప్పేస్తుందా? మనుషులు అబద్ధాలు చెబుతారు. అది కథకు లోతు తెచ్చింది.

మూడోది వేరే సిరీస్‌లోది, పోలిక కోసం చెబుతున్నా. టీవీలో ఆల్టర్నేట్ యూనివర్స్ అంటే అందరికీ గుర్తొచ్చేది 'స్టార్ ట్రెక్' మిర్రర్ యూనివర్స్. 1967 అక్టోబర్‌లో 'మిర్రర్, మిర్రర్' ఎపిసోడ్‌తో మొదలైంది. అక్కడ మంచి ఫెడరేషన్ బదులు క్రూరమైన టెర్రాన్ సామ్రాజ్యం ఉంటుంది, స్పాక్‌కు గడ్డం ఉంటుంది. 1999లో 'డీప్ స్పేస్ నైన్'లో వచ్చిన ఒక ఎపిసోడ్ కథంతా అక్కడి వాళ్లకు ఓడను మాయం చేసే క్లోకింగ్ పరికరం లేదు, మన వైపు నుంచి తెప్పించుకోవాలి అన్న దాని మీద నడుస్తుంది. 2005లో 'ఎంటర్‌ప్రైజ్' సిరీస్ అదే మిర్రర్ లోకంలో 2155లో జరిగే కథ చూపించింది. అందులో వాళ్ల ఓడ సులిబాన్ జాతి నుంచి వచ్చిన క్లోకింగ్ పరికరం పెట్టుకుని తిరుగుతుంది. అంటే కథ కాలం ప్రకారం రెండొందల ఏళ్లకు పైగా ముందే ఉన్న టెక్నాలజీ, తర్వాత వాళ్లకు లేకుండా పోయింది.

దీనికైనా నేను పెద్దగా బాధపడను. టెక్నాలజీలు మరుగున పడటం చరిత్రలో ఉన్నదే. నన్ను ఇంకో ప్రశ్న ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అక్కడ తరతరాల చరిత్ర వేరుగా నడిచింది, యుద్ధాలు వేరు, ప్రభుత్వాలు వేరు. అయినా అదే మనుషులు పుట్టి, అదే ఓడలో, దాదాపు అదే ఉద్యోగాల్లో ఎలా చేరారు? మా తాత పెళ్లిచూపులకు ఇంకో ఊరు పోయి ఉంటే ఈ ఆర్టికల్ రాయడానికి నేనే ఉండను. మిర్రర్ యూనివర్స్‌ను అందుకే నేను వేషాలు మార్చి ఆడే నాటకంలా చూస్తా, లెక్కలు వెయ్యను. 'ఫ్రింజ్' మాత్రం లెక్కలు వేయమని మనల్ని తానే పిలిచింది.

నేను క్షమించలేని తప్పు

మూడో సీజన్ చివర పీటర్ ఆ పెద్ద యంత్రంలో నిలబడి రెండు లోకాల మధ్య వంతెన కట్టి, కాలం నుంచే మాయమైపోతాడు. నాలుగో సీజన్‌లో ఎవరికీ పీటర్ గుర్తులేడు. కొత్త టైమ్‌లైన్ ప్రకారం ఇద్దరు పీటర్లూ చిన్నప్పుడే చనిపోయారు. ఒకరు జబ్బుతో, ఇంకొకరు వాల్టర్ తీసుకొస్తుండగా సరస్సులో మంచు పగిలి. ఇంతవరకు తెలివైన మలుపే. వాల్టర్ దాటడం జరిగింది కాబట్టి లోకాలు దెబ్బతినడం కూడా జరిగింది.

మరి వంతెన ఎవరు కట్టినట్టు? ఆ యంత్రం పీటర్‌కు తప్ప ఇంకెవరికీ పనిచెయ్యదని మూడో సీజన్ అంతా మనకు చెప్పారు. పీటర్ పెరగనే లేదు, వంతెన మాత్రం ఉంది, రెండు వైపుల వాళ్లూ దాని మీద కూర్చుని పనిచేసుకుంటున్నారు. కమిట్ రాసినవాడి అకౌంట్ డిలీట్ అయింది, కోడ్ మాత్రం నడుస్తోంది. సరే, ఇది కూడా లాజిక్ తప్పే. లాజిక్ తప్పుల్ని నేను మింగగలను.

మింగలేనిది ఒలివియా సంగతి. కొత్త టైమ్‌లైన్‌లో ఒలివియాను పెంచింది నీనా షార్ప్. వాళ్లిద్దరి మధ్య తల్లీకూతుళ్ల బంధం ఉంటుంది. పీటర్ తిరిగొచ్చాక ఒలివియాకు పాత టైమ్‌లైన్ జ్ఞాపకాలు రావడం మొదలవుతుంది. అవి వస్తున్నకొద్దీ కొత్త జ్ఞాపకాలు చెరిగిపోతుంటాయి. నీనా పెంచిన అమ్మాయి కళ్ల ముందే కరిగిపోతుంది. సిరీస్ దీన్ని ప్రేమకథ గెలిచినట్టు చూపిస్తుంది. నీనా బాధను కొద్దిసేపు చూపించి ముందుకు వెళ్లిపోతుంది.

అంతకంటే పెద్ద విషయం ఇంకోటి. మూడు సీజన్ల పాటు మనం చూసిన వాల్టర్, ఆస్ట్రిడ్, బ్రోయిల్స్ ఇక తిరిగి రారు. వాళ్ల స్థానంలో అవే ముఖాలతో, ఆ మూడేళ్ల కష్టం పడని వేరేవాళ్లు ఉంటారు. అటువైపు ఒలివియాకు, పీటర్‌కు పుట్టిన కొడుకు హెన్రీ అసలు పుట్టనే పుట్టడు. ఆ పసివాడి గురించి లోకంలో ఏడ్చేవాళ్లు కూడా మిగలరు. పెట్టిన ప్రతి ఖర్చునూ ఖాతాలోంచి కొట్టేసినట్టయింది. మరి వాళ్లు ఏడ్చిందంతా ఉత్తదేనా?

చివరి ఎపిసోడ్ మాత్రం ఎందుకు నిలబడింది

ఇప్పుడు అసలైన చిక్కు. లాజిక్ ప్రకారం చూస్తే 'ఫ్రింజ్'లో అతి పెద్ద రంధ్రం ఐదో సీజన్ ముగింపులో ఉంది. 2015లో అబ్జర్వర్లు భూమిని ఆక్రమిస్తారు. అసలు అబ్జర్వర్లే పుట్టకుండా చేయడానికి వాల్టర్ మైకేల్ అనే పిల్లాడిని తీసుకుని 2167కు వెళ్తాడు, తిరిగి రాడు. కాలం ఆక్రమణ రోజు నుంచి తిరగరాయబడుతుంది. ఆక్రమణ జరగదు.

మరి అబ్జర్వర్లే పుట్టకపోతే 1985లో అటు వాల్టర్ ల్యాబ్‌లోకి వెళ్లి అతని చూపు మళ్లించింది ఎవరు? చూపు మళ్లకపోతే అతనే మందు కనిపెట్టేవాడు. అప్పుడు మన వాల్టర్ దాటేవాడే కాదు, కథే లేదు. 'తిరగరాసింది 2015 నుంచి మాత్రమే' అన్నది సిరీస్ ఇచ్చిన సమాధానం. అది సౌకర్యం కోసం పెట్టుకున్న రూల్ అని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.

అయినా ఆ ఎపిసోడ్ చూసి నేను ఏడ్చాను. మీరూ ఏడ్చి ఉంటారు. ఎందుకంటే లాజిక్ తప్పినా మూల్యం తప్పలేదు. 1985లో కొడుకును వదులుకోలేక లోకాన్ని పగలగొట్టిన మనిషి, చివరికి లోకం కోసం అదే కొడుకును వదులుకుని వెళ్లిపోతాడు. పీటర్ చేతికి తెల్లని తులిప్ పువ్వు బొమ్మ ఉన్న కాగితం ఒక్కటి వస్తుంది. రెండో సీజన్‌లో వాల్టర్ దేవుడి క్షమాపణకు గుర్తుగా ఎదురుచూసిన బొమ్మ అది. 1985 అప్పు 100వ ఎపిసోడ్‌లో వడ్డీతో సహా తీరింది.

నాలుగో సీజన్ ఎందుకు గుచ్చుకుందో, ముగింపు ఎందుకు నిలబడిందో ఇక్కడ తేలిపోయింది. కంటిన్యుటీ అనే పదానికి మనం వేసుకున్న అర్థమే చిన్నది. వస్తువులు, తేదీలు, చేతులు, ఓడలు మ్యాచ్ కావడం దాని పైపొర. ఒక పాత్ర పోగొట్టుకున్నది తర్వాత కూడా పోయినట్టే ఉండటం దాని అసలు.

"సైన్స్ ఫిక్షనే కదా, లాజిక్ ఎందుకు?"

ఈ మాట అనేవాళ్లు ఆఫీసులో కూడా ఉన్నారు. వాళ్లకు నా సమాధానం ఇదీ. మామూలు కథలో చావుకు తిరుగులేదని ఎవరూ చెప్పక్కర్లేదు, మనకు తెలుసు. ఇంకో లోకం, ఇంకో టైమ్‌లైన్ ఉన్న కథలో చనిపోయినవాడికి కూడా ఇంకో కాపీ దొరుకుతుంది. అక్కడ చావుకు, ప్రేమకు, తప్పుకు బరువు దానంతట అది రాదు. రచయిత రూల్స్ పెట్టి కాపాడాలి. రూల్ సడలిందంటే ముందు పోయేది సైన్స్ కాదు, బాధ.

మన దగ్గర కూడా దీనికి మంచి ఉదాహరణలు ఉన్నాయి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' టైమ్ మెషిన్ 1526కు వెళ్తుంది. శ్రీకృష్ణదేవరాయలు పాలించింది 1509 నుంచి 1529 వరకు, లెక్క సరిపోయింది. అక్కడి నుంచి 2504కు దూకుతుంది. పిల్లలప్పుడు నోరెళ్లబెట్టి చూశాం. 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం'లో కొడుకు అమ్మను కాపాడుకోవడానికి 1998కి వెళ్తాడు. ఏం జరుగుతుందో చెప్పను గానీ, ఆ సినిమా కాలంతో బేరం ఆడటం ఎంత కష్టమో మర్చిపోలేదు. అందుకే గుండెకు తగిలింది. ఇవన్నీ రెండు మూడు గంటల సినిమాలు. తెలుగులో పది ఎపిసోడ్ల ఆల్టర్నేట్ యూనివర్స్ సిరీస్ రావాలని నాకు కోరిక. వస్తే రచయితల గదిలో గోడ మీద రెండు కాలమ్స్ రాసి పెట్టుకోండని నా విన్నపం. ఒకటి: లోకాలు ఎక్కడ విడిపోయాయి. రెండు: ఎవరు ఏం పోగొట్టుకున్నారు. విఎఫ్‌ఎక్స్ బడ్జెట్ తర్వాత చూసుకోవచ్చు.

ఫైనల్ వెర్డిక్ట్

'ఫ్రింజ్' చూడండి, తప్పకుండా చూడండి. మొదటి మూడు సీజన్లు సైన్స్ ఫిక్షన్ టీవీలో శిఖరం. నాలుగో సీజన్‌లో లోకం కట్టిన తీరు బాగుంది, మనుషుల లెక్క తప్పింది. ఐదో సీజన్‌లో లోకం లెక్క తప్పింది, మనిషి లెక్క సరిపోయింది. రెండిట్లో ఏది ముఖ్యమో చెప్పాలంటే నేను రెండోసారి ఆలోచించను.

చివరగా అవ్వ దగ్గరికి. పోయిన పండక్కి లాప్‌టాప్‌లో 'పీటర్' ఎపిసోడ్ మళ్లీ చూస్తుంటే ఆమె పక్కన కూర్చుంది. ఇంగ్లిష్ రాదు కాబట్టి సీన్ సీన్‌కు ఆపి చెప్పుకుంటూ వచ్చాను. మా నాన్న కంటే ముందు అవ్వకు ఒక కొడుకు పుట్టి, నాలుగేళ్లకే జ్వరమొచ్చి పోయాడు. బతికి ఉంటే నాకు పెదనాయన. ఇంట్లో ఫోటో కూడా లేదు, ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తదు. అందుకే వాల్టర్ బాబును ఎత్తుకుని మంచు మీద నడిచే సీన్ వచ్చినప్పుడు ఆమె వాల్టర్ వైపే మాట్లాడుతుందనుకున్నాను.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఈయనకు బిడ్డ దొరికినాడు, సరే. మరి ఆ పక్క తల్లి గతేమిరా నాయనా?"

ఐదు సీజన్లూ చూసి నేను అడగాల్సిన ప్రశ్న అది. ఒక్క ఎపిసోడ్‌కే ఆమె అడిగేసింది. ఎపిసోడ్ పాజ్ చేసి, అటువైపు తల్లి కూడా వెతుకుతూనే ఉంటుంది అవ్వా అని చెప్పాను. ఆమె తలూపింది. "అట్లయితే బాగనే రాసినాడు" అంది.